‘గ్యాస్’కి పేరు పెట్టిన మనిషి

చాలా మాటలు ఎప్పుడు పుట్టాయో, ఎవరు పుట్టించారో చెప్పలేం. ‘గ్యాస్’ విషయంలో మాత్రం చెప్పగలం. బ్రస్సెల్స్ వైద్యుడు యాన్ బాప్టిస్టా వాన్ హెల్మోంట్ కావాలని తయారుచేసిన మాట ఇది.

ఆయన 62 పౌన్ల ఓక్ బొగ్గు కాలిస్తే ఒక్క పౌను బూడిద మిగిలిందట. మరి ఆ 61 పౌన్లు ఎటు పోయినట్టు? కాలిపోయింది కదా అని ఆయన ఊరుకోలేదు. కంటికి కనబడని పదార్థంగా మారి వెళ్లిపోయిందన్నాడు. అది ఏ పాత్రలోనూ ఇమడదన్నాడు. ద్రాక్షరసం పులిసేటప్పుడు పొంగుకొచ్చేదీ అదేనని గుర్తుపట్టాడు. ఇప్పుడు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది దాదాపుగా దాన్నే.

దానికి పేరు కావాలి. ప్రాచీన గ్రీకులు సృష్టికి ముందున్న అగాధ శూన్యాన్ని ‘ఖావోస్’ అన్నారు. తన మాట దానికి దగ్గరిదేనని ఆయనే రాసుకున్నాడు. ఆయన మాట్లాడే డచ్చి భాషలో ‘గ’ని గొంతులోంచి ‘ఖ’లా పలుకుతారు కాబట్టి, ఆయన చెవికి రెండూ ఇంచుమించు ఒకటే. 1644లో ఆయన చనిపోయాక, 1648లో కొడుకు అచ్చువేయించిన పుస్తకం ద్వారా ఆ మాట బయటికొచ్చింది.

కానీ వందేళ్లకు పైగా దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జోసెఫ్ బ్లాక్, ప్రీస్ట్‌లీ లాంటి రసాయన శాస్త్ర ఉద్దండులు కూడా అన్నిటినీ రకరకాల ‘గాలులు’గానే రాశారు. నాకు ఇదే పెద్ద నష్టం అనిపిస్తుంది. అన్నీ గాలే అనుకున్నంత కాలం, అవి వేర్వేరు పదార్థాలన్న ఆలోచన గట్టిపడటం కష్టం. 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో రసాయన శాస్త్రవేత్త లావోయిజియే వాడాకే ఈ మాట నిలదొక్కుకుంది.

ఆ తర్వాత దానికి ఎదురు లేదు. ఫ్రెంచిలో, రష్యన్‌లో ‘గాజ్’, ఇటాలియన్‌లో ‘గాస్’, ఫిన్నిష్‌లో ‘కాసు’. జర్మన్లు కారు వేగం పెంచమనడానికి ‘గ్యాస్ ఇవ్వు’ అంటారు. అమెరికాలో గ్యాసొలిన్‌ని, అంటే మన పెట్రోలుని, కుదించి ‘గ్యాస్’ చేశారు, అంటే అక్కడ గ్యాస్ ద్రవం! గ్రీకులు శాస్త్రంలో వేరే మాట వాడుకుంటూనే, వంట గ్యాసుకి ‘గాజి’ అంటూ పడమటి దేశాల నుంచి తమ మాటనే తిరిగి అరువు తెచ్చుకున్నారు.

మనకేమో గ్యాస్ బండ ఉంది, కడుపులో గ్యాస్ ఉంది. ఈ రెండోది వాన్ హెల్మోంట్‌కీ తెలుసు. పెద్దపేగులో పుట్టే గ్యాస్ మంట తగిలితే అంటుకుంటుందని ఆయన అప్పుడే రాసిపెట్టాడు.