బెత్తం కొస నుంచి కుస్తీ పట్టు దాకా

పేము బెత్తం అనగానే మనలో చాలామందికి బడి, అరచేతి మంట గుర్తుకొస్తాయి. ఫిలిప్పీన్స్ దీవులలో అదే పేమును సుమారు 70 సెంటీమీటర్ల పొడవున, బొటనవేలికంటే కాస్త లావుగా ఉండేట్టు కోసి, చేతికిచ్చి ఒక విద్య నేర్పుతారు. దానిని ఆర్నిస్ అని, ఎస్క్రిమా అని, దేశం బయట ఎక్కువగా కాలి అని పిలుస్తారు. ఆర్నిస్ అనే పేరు కవచాన్ని తెలిపే స్పానిష్ మాట నుంచి, ఎస్క్రిమా అనేది కత్తిసామును తెలిపే స్పానిష్ మాట నుంచి వచ్చాయి. 2009 డిసెంబరులో అక్కడి 9850వ రిపబ్లిక్ చట్టం ఆర్నిస్‌ను జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది.

ఈ విద్యను కొంతకాలం గమనించినవారికి ఒక సందేహం కలుగుతుంది. కర్రకు ఇంత పేరున్న చోట దాని పక్కనే కుస్తీకి ఏం పని? విసయా దీవులలో కుస్తీని దుమోగ్ అంటారు. వాటిలో ఒకటైన సెబూ దీవికి చెందిన సిరియాకో కన్యెతె, అందరికీ తెలిసిన పేరు కాకోయ్, కర్రకు జపాన్ కుస్తీ విద్యలైన జూడో, ఐకిడో పట్లను జోడించి ఎస్క్రిదో అనే పద్ధతిని రూపొందించారు. కర్ర ఒక విద్య, కుస్తీ మరొక విద్య అని విడదీసి చెప్పడం మామూలే గాని, నాకది సరైన విభజనగా తోచదు. కర్ర పనిచేసే తీరును కొంచెం లెక్కకట్టి చూస్తే, కుస్తీ ఎక్కడ నుంచి పుట్టుకొస్తుందో అదే చెబుతుంది.

ముందు కర్ర సంగతి చూద్దాం. పేము చూపుకు వెదురును పోలినా అది తాటి, కొబ్బరి కుటుంబానికి చెందిన తీగ. వెదురు లోపల బోలు, పేము లోపల నిండు. దాని నిలువునా సన్నని నారల కట్టలు సాగి ఉంటాయి; అవి పైపొర దగ్గర దట్టంగానూ నడిమిలో పలచగానూ ఉండగా, వాటి సందుల్ని మెత్తని కణజాలం నింపుతుంది. గట్టి దెబ్బకు పుట్టిన పగులు అడ్డంగా సాగలేక నారల వెంట నిలువుకు మళ్లుతుంది. అందుకే అరిగిన బెత్తం ఫెళ్లున విరిగి వాడి పేళ్లుగా ఎగరదు. నమిలిన వేపపుల్ల కొసలా కుచ్చు కుచ్చుగా విడిపోతుంది. ఆ చోట టేపు చుట్టి మరికొన్నాళ్లు వాడుకుంటారు. ఇద్దరు ఉద్ధృతంగా కర్రలు తాకించుకుంటున్నప్పుడు దగ్గర నిలబడితే సన్నగా కమురు వాసన వస్తుంది. రాపిడి వేడికి పైపొర మాడిన వాసన అది. కమగోంగ్ అనే నల్లచేవ కట్టెతోనూ కర్రలు చేస్తారు. ఆ చెట్టు మన తునికి చెట్టుకు దగ్గర చుట్టం, రెండూ ఒకే ప్రజాతిలోవి. కమగోంగ్ పేముకంటే చాలా బరువైనది, గట్టిది. అలాంటి కర్రతో ఎదుటివాడి వేళ్లమీద పొరపాటున ఒక్కటి తగిలినా మరునాటి సాధన ఉండదు కనుక, జతగా నేర్చుకోవడానికి అందరూ పేమునే ఎంచుకుంటారు.

ఇప్పుడు లెక్క. 200 గ్రాముల బరువు, 70 సెంటీమీటర్ల పొడవు ఉన్న బెత్తం మణికట్టు ఇరుసుగా తిరుగుతోందనీ, తగిలే క్షణానికి దాని కొస సెకనుకు 25 మీటర్ల వేగం అందుకుందనీ అనుకుందాం. అప్పుడు దాని గతిశక్తి ఇంచుమించు 21 జౌళ్లు. కిలో బరువున్న రాయి రెండు మీటర్ల ఎత్తు నుంచి జారిపడినప్పుడు ఉండే శక్తి అంతే. కాకపోతే బెత్తం దానినంతటినీ వేలెడు మేర మీద దించుతుంది. కొస ఒకటిన్నర మీటరు దారిలో సమానంగా వేగం పుంజుకుంటూ వచ్చిందనుకుంటే, మొదలు నుంచి తగిలేదాకా పట్టే కాలం 0.12 సెకను. దీపం వెలగడం చూసి మీట నొక్కడానికే మనిషికి సుమారు 0.2 సెకను కావాలి. ఎదుట ఒకటికంటే ఎక్కువ అవకాశాలు ఉండి వాటిలో ఏది వస్తోందో తేల్చుకోవాల్సి వస్తే ఆ వ్యవధి ఇంకా పెరుగుతుంది. ఈ పెరుగుదల అవకాశాల సంఖ్యకు సంవర్గమానంలో, అంటే అవకాశాలు రెట్టింపైన ప్రతిసారీ ఒకే మేర, ఉంటుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ 1952లో చూపారు. కర్ర కదలడం చూశాక అడ్డుకుందామనుకుంటే, దెబ్బ అప్పటికే తగిలి ఉంటుంది.

అయినా శిక్షణ పొందినవారు దెబ్బలు తప్పించుకుంటూనే ఉన్నారు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని ఆడే బ్యాటర్ విషయంలోనూ జరిగేది ఇదే. బంతి చేయి వదిలాక అతనికి మిగిలేది అర సెకను లోపు కనుక, బౌలర్ మణికట్టు, భుజం, పరుగు తీరు నుంచే బంతి ఎక్కడ పడుతుందో సగం తేల్చుకుంటాడు. కర్ర ఆటలోనూ అనుభవజ్ఞుల చూపు కర్రమీద ఉండదు. ఎదుటివాడి భుజాలకు, ఛాతీకి మధ్య ఎక్కడో నిలిచి ఉంటుంది. కర్రకంటే ముందు మోచేయి, మోచేతికంటే ముందు భుజం, దానికంటే ముందు పాదం మీది బరువు కదులుతాయి. పద్ధతులు ఎన్ని ఉన్నా చాలావాటిలో దెబ్బలను దిక్కునుబట్టి పన్నెండో, అటూ ఇటుగానో కోణాలుగా లెక్కపెట్టి నేర్పడంలోనూ ఇదే తెలివి ఉంది. చేతిలో ఉన్నది కర్రైనా కత్తైనా, కుడి పైనుంచి ఏటవాలుగా వచ్చేది ఒకటో కోణమే. తేల్చుకోవాల్సిన అవకాశాలు వందల నుంచి పన్నెండుకు, సాధన ముదిరాక నాలుగైదుకు దిగుతాయి.

మొదటి గురి తల అనుకుంటాం గాని, నిజానికి అది చేయి. ఎదుటివాడి శరీరంలో మనకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది, ఆయుధం పట్టుకున్నది, ఎముకల మీద కండ దాదాపు లేనిది ఆ పిడికిలే. పాము కోర పీకడం అని ఈ విద్యలో దానికి పేరు. 1521 ఏప్రిల్ 27న ఫిలిప్పీన్స్‌లోని మక్తాన్ దీవి ఒడ్డున పోర్చుగీసు నావికుడు మాగెల్లాన్ చనిపోయిన పోరును కళ్లారా చూసిన అతని సహయాత్రికుడు పిగఫెట్టా ఒక సంగతి రాశాడు: మాగెల్లాన్ కత్తి దూయబోయాడు గాని, అప్పటికే వెదురు ఈటె చేతికి తగిలి ఉండటంతో అది సగానికి మించి ఒరలోంచి రాలేదు. ఆ రోజు మక్తాన్ నాయకుడు లాపులాపు మనుషులు పోరాడింది నేటి ఎస్క్రిమాతోనే అన్న ప్రచారాన్ని నేను నమ్మను, దానికి రుజువేమీ లేదు; కానీ చేయి చెడితే చేతిలోని ఆయుధానికి విలువ లేదన్నదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం వెతకనక్కరలేదు.

సాధనలో మొదట కనిపించేది జంట కర్రల సినావలి. అక్కడి ఇళ్ల గోడలకు వాడే వెదురు దడిని సవాలి అంటారు. రెండు కర్రలు ఒకదాని మీదుగా ఒకటి దడి అల్లినట్టు సాగుతాయి కనుక ఆ పేరు. చూడ్డానికి కోలాటాన్ని తలపించే ఈ లయను నిజమైన పోరుగా పొరబడేవారు, దండగ అని కొట్టిపారేసేవారు ఇద్దరూ ఉన్నారు. ఎడమచేతిని కుడిచేతికి సమానంగా తయారుచేయడం, దూరం అంచనా కట్టడం దానివల్ల ఒనగూడే లాభాలు. ఎదుటివాడు ఎప్పుడు, ఎక్కడ కొడతాడో ముందే తెలిసి ఉండటం దానిలోని లోటు. ఈ లోటును సెబూలో వేరొక దారిన తీర్చారు. 1932లో అక్కడ మొదలైన దోసె పారెస్ అనే ఎస్క్రిమా సంఘం నుంచి బయటికి వచ్చిన వెనాన్సియో బేకన్ 1950లలో బాలింతావాక్ అనే వీధిలో, ఆ వీధి పేరుతోనే, ఒంటికర్ర పద్ధతి నేర్పారు. ఇందులో గురువు అతి దగ్గరగా నిలబడి వరుస లేకుండా దెబ్బలు వేస్తుంటే, శిష్యుడు అడ్డుకుని వెంటనే తిరిగి కొట్టాలి. శిష్యుడి స్థాయి చూసి గురువు వేగాన్ని పెంచుతాడు, తగ్గిస్తాడు, నడుమ ఒక దొంగదెబ్బ వేస్తాడు. దానిని అగాక్ అంటారు. సెబువానో భాషలో ఆ మాటకు చేయి పట్టి నడిపించడం అని అర్థం.

ఇక దగ్గరతనం సంగతి. తిరిగే కర్రలో ప్రతి బిందువు వేగమూ ఇరుసు నుంచి దాని దూరాన్ని బట్టి ఉంటుంది. కొస దగ్గర 25 మీటర్లున్న వేగం మణికట్టుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఏడు మీటర్లకు పడిపోతుంది. అదీగాక, ఎదుటివాడు ముందుకు దూసుకొచ్చి విసురును మూడోవంతు దారిలోనే ఆపేస్తే, కర్ర అప్పటికి పోగుచేసుకున్న శక్తీ మూడోవంతే. పట్టు సంగతీ ఉంది: ఇరుసు నుంచి పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర, మన బెత్తానికైతే 47 సెంటీమీటర్ల దగ్గర, దెబ్బ తగిలితే పట్టుకున్న చేతికి అదురు ఉండదు, బ్యాట్ నడిమిన బంతి తగిలినప్పటి హాయి అది. అంతకంటే లోపల తగిలితే ఎదుటివాడితో పాటు కొట్టినవాడి చెయ్యీ జివ్వుమంటుంది. మొత్తంమీద బెత్తం సత్తా అంతా దాని చివరి మూడోవంతులో ఉంది. ఆ పట్టీని దాటి లోపలికి అడుగుపెట్టినవాడు దారిలో ఒక దెబ్బ తినవచ్చు గాని, లోపలికి చేరాక రెండో దెబ్బకు చోటు ఉండదు. మన కర్రసాములో నిలువెత్తు వెదురు కర్రను రెండు చేతులతో తిప్పుతూ ఎదుటివాడిని దూరంగానే ఉంచగలరు. ఒంటిచేతి పొట్టి బెత్తానికి ఆ సౌకర్యం లేదు.

దుమోగ్ మొదలయ్యేది ఇక్కడే. ఛాతీ ఛాతీ తాకేంత దగ్గరలో కర్ర కొసకు పని లేదు; పిడికిలి కింద నాలుగు వేళ్ల మేర పొడుచుకొచ్చే అడుగు భాగం, దానిని పున్యో అంటారు, పొడవడానికీ ఎదుటి మణికట్టును లంకెవేసి లాగడానికీ పనికొస్తుంది. ఖాళీగా ఉన్న ఎడమచేయి ఎదుటివాడి మోచేతిని పట్టుకుంటే అతని కర్ర కదలదు, ఎందుకంటే కర్రకు శక్తి వచ్చే దారి ఆ కీలు గుండానే ఉంది. తరువాత మెడ. సుమారు ఐదు కిలోల బరువున్న తలను పట్టి ఒక పక్కకు లాగితే వెన్ను దాని వెంట వంగుతుంది, వెన్ను వంగితే పాదాల కింద తూకం తప్పుతుంది. కట్టి విప్పడం అని అర్థం వచ్చే హుబుద్-లుబుద్ అనే సాధన ఈ దూరానికే పుట్టింది: ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి ముంజేయి కొట్టడానికి వస్తే రెండోవారు దానిని తమ ముంజేతితో అందుకుని, అవతలి చేత్తో పక్కకు తోసి, మొదటి చేత్తో కిందికి నొక్కి, వెంటనే తాము కొడతారు. ఈ చక్రం విరామం లేకుండా తిరుగుతుంది. కొన్ని నెలలకు కళ్లు మూసుకునీ చేయగలుగుతారు, ఎందుకంటే అక్కడ సమాచారం చర్మం నుంచీ కండరాల బిగువు నుంచీ వస్తుంది. తాకిడికి స్పందించే వ్యవధి చూపుకు స్పందించే వ్యవధికంటే తక్కువ కూడాను.

అయితే నేర్చుకున్నది పనిచేస్తుందో లేదో తేల్చే ఎదురుపోటీ దగ్గరికి వచ్చేసరికి కర్ర, కుస్తీ వేరుపడిపోతాయి. 1882లో కోడోకాన్ అనే జూడో బడిని స్థాపించిన జిగోరో కానో ప్రమాదకరమైన దెబ్బలను తీసివేసి, మిగిలిన పట్లను పూర్తి బలంతో సాధన చేసే ఏర్పాటు చేశారు. పట్టు బిగియడానికీ కీలు విరగడానికీ మధ్య కొద్దిపాటి వ్యవధి ఉంటుంది. మెడ ధమనులను నొక్కినా స్పృహ తప్పడానికి ఇంచుమించు పది సెకన్లు పడుతుంది. ఆ లోపల చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవచ్చు. కర్ర దెబ్బకు ఆ వ్యవధి లేదు. తట్టేలోపే తగిలి ఉంటుంది. అందుకే కుస్తీవారు వారానికి నాలుగు రోజులు పూర్తి బలంతో పెనుగులాడి ఇంటికి వెళ్లగలరు, కర్రవారు ఏదో ఒకటి వదులుకోక తప్పదు: కర్ర గట్టితనాన్నో, వేగాన్నో, తమ ఒంటినో.

ఏది వదులుకుంటే ఆట ఆ రూపం తీసుకుంటుంది. 1989లో సెబూలో ఏర్పడిన ప్రపంచ ఎస్క్రిమా సమాఖ్య తరహా పోటీల్లో ఒంటికి మెత్తల కోటు, తలకు జాలీ కవచం ఉంటాయి. దెబ్బకు నొప్పి లేదు కనుక ఇద్దరూ మధ్యలో నిలబడి డప్పు వాయించినట్టు కొట్టుకుంటారు. చేతిని కాపాడుకోవాలన్న భయమే పోతుంది. కలబడి పడదోయడం సాధారణంగా తప్పు కిందికే వస్తుంది. ఈ తరహాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, పిల్లలు నిర్భయంగా ఆడగలిగే దారి ఇది. దీనికి అవతలి అంచున, 1980ల చివర కాలిఫోర్నియాలో కలిసిన డాగ్ బ్రదర్స్ బృందం కత్తిసాము మాస్కు, పలచని చేతొడుగులు తప్ప పెద్దగా రక్షణ లేకుండా అచ్చమైన పేము కర్రలతో తలపడింది. అక్కడ నొప్పి తన పని తాను చేసింది: ఆటగాళ్లు దూరం జరిగారు, అనవసరపు దెబ్బలు తగ్గాయి, తెగించి లోపలికి దూసుకొచ్చినవారితో పోరు తరచూ పెనుగులాటగా మారి నేలమీదికి చేరింది. ఆ మాస్కు గురించి ఒక మాట చెప్పాలి. అది కత్తిమొన ముఖంలోకి దిగకుండా చేసినది. కంటిని కాపాడుతుంది గాని, పక్కనుంచి తగిలిన దెబ్బకు తల గిరుక్కున తిరిగితే లోపల మెదడు కణజాలం సాగి దెబ్బతినకుండా ఆపలేదు. తల తిరుగుడు, వాంతి, మతిమరుపు కనిపిస్తే ఆ రోజుకే కాదు, వైద్యుడు సరేననేదాకా కర్ర పట్టకూడదు.

సాధనలో అందంగా కుదిరే ఆయుధం లాక్కునే ఒడుపుల బలాబలాలు తెలిసేదీ ఇక్కడే. లెక్క ప్రకారం వాటికి తిరుగులేదు: పిడికిలి వెడల్పు పది సెంటీమీటర్లు, కొస యాభై సెంటీమీటర్ల దూరాన ఉంటే, కొస దగ్గర తోసిన బలం పిడికిలిలో ఐదింతలై బొటనవేలి పట్టును విప్పేస్తుంది. కానీ ఆ తులాదండ సూత్రం పనిచేయాలంటే కొస ఒక క్షణమైనా ఆగాలి. విసురు మీదున్న కర్ర ఆగదు. ఎదురుపోటీలో కర్రలు జారిపడేది ఎక్కువగా వేళ్లమీద దెబ్బ తగిలినప్పుడే. లేదంటే ఇద్దరూ మెడలు పెనవేసుకుని, కర్ర పట్టుకున్న చెయ్యి ఎదుటివాడి చంకలో ఇరుక్కుని, తొలిసారిగా కొస కదలకుండా నిలిచిపోయినప్పుడు. అప్పుడు ఖాళీ చేయి ఆ కొసను వెతుక్కుంటుంది.