దసరా పారాయణం: బరంపురంలో నేను వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

నేను ముప్పై ఏళ్లుగా ఒడిశాలోని బరంపురంలో తెలుగు ఇళ్లకు పౌరోహిత్యం చేస్తున్నాను. దసరాకి పర్లాకిమిడి, రాయగడ వైపు కూడా చండీ పారాయణాలకు వెళ్తుంటాను. మహాలయ అమావాస్య దగ్గర పడేసరికి నాకు వచ్చే ఫోన్లలో సగం భయంతో చేసినవే. ఏటా అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెబుతుంటే సగమే చెప్పగలుగుతున్నాను, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒక్క అక్షరం తప్పు పలికినా అమ్మవారికి కోపం వస్తుంది, ఇంటికి కీడు జరుగుతుంది.

వాస్తవం: రెండేళ్ల కిందట ఒక ఇంటికి కలశస్థాపనకు వెళ్లాను. ఆ ఇంటి కోడలికి లలితా సహస్రనామం చక్కగా వచ్చు. కానీ పీట మీద కూర్చోమంటే కూర్చోలేదు. అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతకుముందు దసరాలో ఆమె చదువుతుంటే విన్నవాళ్లెవరో "నువ్వు తప్పులు చదివావు, అందుకే పిల్లాడికి జ్వరం" అన్నారట. అప్పటినుంచి పుస్తకం ముట్టుకోలేదు. వానలు వెనకబట్టే రోజుల్లో పిల్లలకు జ్వరాలు రాని ఇల్లు ఏది? ఆ తల్లిని వాళ్లు అంత మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఈ భయానికి మూలం ఉచ్చారణ నియమాలు చెప్పే పాణినీయ శిక్ష అనే గ్రంథంలోని ఒక శ్లోకం. "మంత్రో హీనః స్వరతో వర్ణతో వా" అని మొదలవుతుంది. స్వరం తప్పినా, అక్షరం తప్పినా ఆ మాట వజ్రాయుధమై యజమానినే కొడుతుందని దాని భావం. ఉదాహరణ కూడా అందులోనే ఉంది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేస్తూ "ఇంద్రశత్రుర్వర్ధస్వ" అన్నాడు. 'ఇంద్రుణ్ణి చంపేవాడు' అనే అర్థం రావాలంటే ఇంద్రశత్రు అనే మాటలో ఉదాత్తం, అంటే హెచ్చు స్వరం, చివరి అచ్చు మీద పడాలి. అది మొదటి అచ్చు మీద పడింది. అర్థం తిరగబడి 'ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు' అయింది. వృత్రుడు పుట్టాడు, ఇంద్రుడి చేతిలోనే పోయాడు.

ఇదంతా వేదమంత్రాల స్వరం గురించిన హెచ్చరిక. శ్రీసూక్తానికి, దుర్గాసూక్తానికి, ఋగ్వేదంలోని దేవీసూక్తానికి ఉదాత్త, అనుదాత్త, స్వరితాలు ఉంటాయి. అవి పుస్తకం చూసో, యూట్యూబ్ వినో నేర్చుకునేవి కావు, గురువు ఎదుట కూర్చుని దిద్దించుకోవాలి. లలితా సహస్రనామం బ్రహ్మాండ పురాణంలోది. చండీ పారాయణంలో చదివే సప్తశతి మార్కండేయ పురాణంలోది. "యా దేవీ సర్వభూతేషు" అన్న శ్లోకానికి వేదస్వరం లేదు. వేదం చదివేవాళ్లకు చెప్పిన హెచ్చరిక తెచ్చి, స్తోత్రం చదువుకునే ఇల్లాలిని బెదిరించడం అన్యాయం.

సప్తశతి పన్నెండో అధ్యాయంలో అమ్మవారు తన నోటితోనే చెప్పింది చూడండి. "జానతాఽజానతా వాపి" అంటూ, తెలిసి చేసినా తెలియక చేసినా ఆ పూజను ప్రీతితో అందుకుంటానంది. పారాయణం పూర్తయ్యాక ఈ శ్లోకానికి తెలుగులో అర్థం చెప్పకుండా నేను ఏ ఇంట్లోనూ పీట మీంచి లేవను.

అలాగని ఎలా పడితే అలా చదవమనడం లేదు. సప్తశతికి ముందు చదివే దేవీ కవచంలో "భార్యాం రక్షతు భైరవీ" అని ఉంది. ఎవరో 'రక్షతు' బదులు 'భక్షతు' అన్నారనీ, అంతే భార్య పోయిందనీ ఒక కథ చెబుతుంటారు. భయపెట్టడానికి ఈ కథ చెప్పకండి. కాపాడమ్మా అని అడుగుతున్నామో, తినెయ్యమ్మా అంటున్నామో చదివేవాళ్లకి తెలియాలి కదా, అందుకు చెప్పండి.

నేను ఎక్కువగా వినే తప్పులు ఊపిరి దగ్గర వస్తాయి. లలితా సహస్రనామంలో "మనోరూపేక్షుకోదండా" అంటే మనస్సునే చెరుకువిల్లుగా పట్టుకున్న తల్లి. 'ఇక్షు' అంటే చెరుకు. "మనోరూపే" అని ఊపిరి తీసుకుని "క్షుకోదండా" అంటారు, చెరుకు కాస్తా రెండు ముక్కలవుతుంది. దాని ముందరి నామం "క్రోధాకారాంకుశోజ్జ్వలా". అక్కడ "కుశోజ్జ్వలా" ముందు ఆగితే అంకుశం విరుగుతుంది. అర్థం తెలిస్తే నాలుక తనంతట తనే సరైన చోట ఆగుతుంది. రోజుకు పది నామాలు అర్థంతో చదివితే వంద రోజుల్లో వెయ్యీ అయిపోతాయి. ఉగాదికి మొదలుపెట్టినవాళ్లకి దసరా లోపల రెండోసారి దిద్దుకునే తీరిక కూడా దొరుకుతుంది.

అపోహ: గుడిలో ఒడియా పండాగారు చదివేది తప్పు ఉచ్చారణ. ఒడియా లిపిలో రాసుకుని చదివితే ఫలం దక్కదు.

వాస్తవం: ఇది మన సరిహద్దు ఊళ్లకే ప్రత్యేకమైన గొడవ. ఇక్కడి మండపాల్లో చండీపాఠం "జా దేబీ సర్బభూతేషు" అని వినబడుతుంది. అకారం ఒకారంలా పలుకుతుంది, క్షమా 'ఖ్యమా' అవుతుంది. మనవాళ్లు పక్కకి తిరిగి నవ్వుకోవడం నేను చూశాను. మరి మనం? జ్ఞానాన్ని 'గ్నానం' అంటాం. 'ఫలం'లో ఫని ఫ్యాన్‌లో ఫలాగా పలుకుతాం. భవానిని చాలామందిమి 'బవాని' చేసేస్తాం. ఋకారాన్ని ఒడియావాళ్లూ మనలాగే 'రు' అంటారు. మాట చివరి అచ్చుని హిందీవాళ్లలాగా మింగరు, నిండుగా పలుకుతారు. వాళ్ల పెద్దల దగ్గర విని నేర్చుకున్న పాఠం అది. చేతులు జోడించి వినండి.

లిపి సంగతి నాకు ఇంకా ముఖ్యం. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియానో ఇంగ్లిషో చదువుతారు. అమ్మమ్మ సహస్రనామం పుస్తకం చేతికిస్తే ఒక్క అక్షరం చదవలేరు. ఒడియా లిపిలో రాసుకుంటామంటే "అలా పనికిరాదు" అని పెద్దలు ఆపేస్తున్నారు. దయచేసి ఆపకండి. సంస్కృతాన్ని మన దేశంలో నాగరిలోనూ, తెలుగులోనూ, గ్రంథలిపిలోనూ, ఒడియాలోనూ రాసుకున్నారు. ఒడిశాలో దొరికే సంస్కృత తాళపత్రాల్లో చాలావరకు ఒడియా లిపిలోవే.

ఒక్క జాగ్రత్త చాలు. ఒడియాలో వకారానికీ బకారానికీ మామూలుగా ఒకే అక్షరం రాస్తారు. 'వ' పలకాల్సిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో కింద చుక్క పెట్టుకోమని నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెబుతాను. యకారంలా కనబడి జకారంగా పలికే అక్షరం ఒకటి, అసలైన యకారం ఒకటి వాళ్లకి వేరువేరుగా ఉన్నాయి. రెండోది రాసుకోవాలి. పోయిన దసరాకి ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె ఇలా చుక్కలు పెట్టుకున్న నోటుబుక్కుతో సహస్రనామం మొత్తం చదివింది. చాలామంది పెద్దవాళ్లకంటే శుద్ధంగా చదివింది.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన బీజాక్షరం 108 సార్లు అంటే అప్పులు తీరతాయి.

వాస్తవం: దీనికి సరిగ్గా ఎదురుగా, "గురువు లేకుండా ఏదీ చదవకూడదు" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ సరికాదు. 'హ్రీం' లాంటి బీజాక్షరాలతో కూడిన నవాక్షరి (తొమ్మిది అక్షరాల చండీ మంత్రం) లాంటి మంత్రాలకు ఉపదేశం కావాలి, న్యాసం (మంత్రం చెబుతూ ఒంటిమీద అవయవాలను తాకడం) ఉంటుంది, నియమం ఉంటుంది. ఫోన్లో వచ్చింది ఉపదేశం కాదు. అర్గళా స్తోత్రం, "సర్వమంగళ మాంగల్యే" శ్లోకం, దుర్గమ్మ నామాలు ఎవరైనా, ఆడవాళ్లైనా మగవాళ్లైనా, ఎప్పుడైనా చదువుకోవచ్చు. అప్పులు తీర్చుకోవడానికి మాత్రం లెక్కలు రాసుకోవాలి. మంత్రం పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి.

అపోహ: ఎంత గట్టిగా, ఎంత వేగంగా చదివితే అంత ఫలం.

వాస్తవం: పైకి వినబడేలా చేసే జపం వాచికం. పెదవులు కదిలి పక్కవాడికి వినబడనిది ఉపాంశువు. మనసులోనే సాగేది మానసికం. మనుస్మృతి వీటిని ఒకదానికంటే ఒకటి ఎక్కువని చెప్పింది, మానసికం అన్నిటికంటే పైన ఉంది. ఆ లెక్కలో మైకుకి చోటు లేదు. త్వరత్వరగా చదివేవాణ్ణి, తల ఊపుతూ చదివేవాణ్ణి, అర్థం తెలియక చదివేవాణ్ణి పాణినీయ శిక్ష అధమ పాఠకుల్లో చేర్చింది.

అపోహ: తొమ్మిది రోజులూ మొత్తం చదవలేకపోతే అసలు మొదలుపెట్టకూడదు.

వాస్తవం: రోజుల లెక్క ఊరూరికీ మారుతుంది. పూరీ విమలాదేవికి పదహారు రోజుల పూజ. అది మన పంచాంగంలో భాద్రపద బహుళ అష్టమినాడే మొదలవుతుంది. మన ఇళ్లలో ఆశ్వయుజ శుద్ధ పాడ్యమికి కలశం పెడతాం. రెండూ సంప్రదాయాలే. మిల్లులో షిఫ్టులు చేసేవాళ్లకు నేను సప్తశతిని ఏడు రోజులకు పంచి ఇస్తాను. పదమూడు అధ్యాయాలనూ వరసగా ఒకటి, రెండు, ఒకటి, నాలుగు, రెండు, ఒకటి, రెండు చొప్పున చదవడం పాత పద్ధతే. అదీ కుదరకపోతే మధ్యమ చరితం, అంటే రెండు, మూడు, నాలుగు అధ్యాయాలు మాత్రమే చదవవచ్చు. 700 అనే అంకె చూసి కూడా జంకుతారు. అందులో "ఋషిరువాచ" లాంటివీ, అర్ధశ్లోకాలూ ఒక్కొక్క మంత్రంగా లెక్కకొస్తాయి, శ్లోకాలు అంతకంటే తక్కువే. చదవడం రానివాళ్లు పక్కన కూర్చుని వినండి. అష్టమి, నవమి, చతుర్దశి తిథుల్లో భక్తితో వినేవాళ్లకు కూడా అమ్మవారు ఆ పన్నెండో అధ్యాయంలోనే మాట ఇచ్చింది.

అపోహ: ఉపవాసం లేకుండా చేసిన జపం చెల్లదు.

వాస్తవం: షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో మూడు గంటలు కూర్చోవద్దు. ఒక ఇంట్లో పెద్దావిడ ఐదో అధ్యాయం దగ్గర కళ్లు తిరిగి పడిపోతే, పారాయణం ఆపి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆవిడ పొద్దుటి మాత్ర కూడా వేసుకోలేదు. డాక్టర్ చెప్పినట్టే తినండి, మాత్ర వేసుకోండి. నైవేద్యం పెట్టాకే తింటామనే నియమం ఉంటే ముందే చెప్పండి. తెల్లవారుజామునే వచ్చి సంకల్పం చెప్పించి, మొదట నైవేద్యం పెట్టిస్తాను. మీరు టిఫిన్ చేసి వచ్చాక పుస్తకం తెరుద్దాం.