భవనం హరితమైంది, లీజు పత్రం పాతదే

హైదరాబాద్‌లో హరిత భవనాల ప్రస్తావన వస్తే మొదట గుర్తుకొచ్చేది కొండాపూర్ దగ్గరి సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య)-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2003లో, హరిత భవనాలకిచ్చే అమెరికా గుర్తింపు ‘లీడ్’లో అత్యున్నతమైన ప్లాటినం రేటింగు పొందిన ఆ భవనం అమెరికా వెలుపల ఆ గుర్తింపు అందుకున్న మొదటిది. 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. సంస్థ తన అవసరాలకే కట్టించుకున్న భవనం గనుక, పెట్టుబడికి తగిన పొదుపు తిరిగి దానికే దక్కుతుంది.

1998లో సైబర్ టవర్స్‌తో మొదలై మాదాపూర్, గచ్చిబౌలి మీదుగా విస్తరించిన ఐటీ కార్యాలయాల్లో ఎక్కువ చోట్ల కట్టేది ఒకరు, కిరాయికుండేది మరొకరు. మేలైన ఏసీ వ్యవస్థ పెడితే ఖర్చు యజమానిది, తగ్గే కరెంటు బిల్లు కిరాయిదారుది. కిరాయిదారే పూనుకుందామన్నా, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం యజమాని సమ్మతి లేకుండా శాశ్వత నిర్మాణం చేపట్టే వీల్లేదు. అయితే ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే ఆ మాటే చెల్లుతుందని కూడా ఆ సెక్షనే అంటోంది. హరిత లీజుకు, అంటే ఇంధన పొదుపు ఖర్చూ లాభమూ ఇరువురూ పంచుకునేలా రాసుకునే కిరాయి ఒప్పందానికి, చోటు దొరికేది సరిగ్గా అక్కడే: ఎవరి భాగానికి వారికి విడి మీటర్లు, ఇరువురూ చూసుకునే వినియోగ లెక్కలు, ఆదా అయిన మేరకు యజమాని ఖర్చును తిరిగి రాబట్టుకునే నిబంధన.

ఆస్ట్రేలియా సమాఖ్య ప్రభుత్వం 2006లో తాను కిరాయికి తీసుకునే పెద్ద కార్యాలయాల లీజులకే హరిత షెడ్యూలు (ఇంధన పొదుపు షరతుల పట్టిక) జతచేయించింది. ఫ్రాన్స్ 2010 నాటి చట్టంతో 2,000 చదరపు మీటర్లు దాటిన కార్యాలయాల, దుకాణాల లీజులకు పర్యావరణ అనుబంధాన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో 2007లో వచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి ప్రధానంగా డిజైను, నిర్మాణాలకు సంబంధించింది. యజమానికీ కిరాయిదారుకూ మధ్య రాసుకునే పత్రం దాని పరిధిలోకి రాదు. కిరాయి భవనాల్లో నడిచే ప్రభుత్వ కార్యాలయాలు ఇక్కడా ఉన్నాయి కాబట్టి, ఆస్ట్రేలియా దారే మనకు దగ్గరదని నా అభిప్రాయం.

అమీర్‌పేట వంటి చోట్ల చిన్న కార్యాలయాల చిక్కు వేరు. చాలామంది 11 నెలల ఒప్పందంతోనే సరిపెట్టుకుంటారు. కొన్నేళ్లకు గానీ ఖర్చు తిరిగిరాని పనిలో వాటా పెట్టడానికి, వచ్చే ఏడాది ఉంటాడో లేడో తెలియని కిరాయిదారు ఒప్పుకోవడం కష్టం.