షుగర్ డైట్: పక్కింటివాళ్ల చార్ట్ మీకు పనికొస్తుందా?

అపోహ: అన్నం మానేసి రాగులకు మారితే షుగర్ దిగుతుంది.

పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగి జావ తాగుతూ, "అన్నం ముట్టుకోవట్లేదు మేడమ్, అయినా షుగర్ దిగట్లేదు" అని వాపోయేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాముల దాకా ఉంటే, రాగుల్లో దాదాపు 67 ఉంటుంది. తేడా అంతే. మెత్తగా పిండి పట్టించి పల్చగా జావ కాస్తే నమిలే పనే ఉండదు, ఇట్టే అరిగి షుగర్ పెరుగుతుంది. అందులో బెల్లం కూడానా! బెల్లమూ చక్కెరే, దాని మీద ఇక వాదన అనవసరం. రాగులే తినాలనుంటే చిన్న సంగటి ముద్ద, పక్కన ఆకుకూర పప్పు పెట్టుకోండి.

అపోహ: ఒకరికి షుగర్ తగ్గించిన తిండి అందరికీ తగ్గిస్తుంది.

2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 800 మందికి వారం పాటు, షుగర్‌ని అదేపనిగా కొలిచే సెన్సర్లు పెట్టి చూశారు. ఒకే పదార్థం తిన్నా షుగర్ ఒక్కొక్కరిలో ఒక్కోలా పెరిగింది. మన ఇళ్లలో అంత హంగామా అక్కర్లేదు, గ్లూకోమీటరు చాలు. ఇడ్లీ తినే ముందు ఒకసారి, మొదటి ముక్క నోట్లో పెట్టుకున్న రెండు గంటలకు ఇంకోసారి చూడండి. ఎన్ని ఇడ్లీలు, ఏ చట్నీ, అన్నీ రాసుకోండి. రెండోది 180 దాటితే మర్నాడు ఒక ఇడ్లీ తగ్గించి, ఉడికించిన గుడ్డో గిన్నెడు కూరగాయల సాంబారో కలిపి మళ్లీ చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, లేకపోతే దేనివల్ల తగ్గిందో తెలియదు. గర్భిణులకు ఈ హద్దు 180 కాదు, 120. బాగా పెద్దవాళ్లకు డాక్టరు కాస్త సడలిస్తారు.

షుగర్‌ఫ్రీ బిస్కెట్ల సంగతి: చక్కెర ఉండకపోవచ్చు, మైదా మాత్రం చాలావాటిలో ఉంటుంది.

అపోహ: సన్నగా ఉన్నాం, మనకు షుగర్ రాదు.

మనవాళ్లలో బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 23 దాటగానే జాగ్రత్త పడాలి. ఒళ్లు సన్నగా ఉన్నా నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పరీక్ష చేయించుకోవాలి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 5.7 నుంచి 6.4 శాతం మధ్య వస్తే అది షుగర్ వచ్చే ముందు దశ, తిండి, నడక సరిచేసుకోవడానికి అదే మంచి అదను.

అపోహ: ఒక పూట పస్తుంటే షుగర్‌కి మంచిదే.

ఇది మీరు వేసుకునే మాత్రను బట్టి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే పెద్ద టెన్షన్ లేదు. ఒంట్లో ఇన్సులిన్‌ను పెంచే గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకునో, ఇన్సులిన్ చేసుకునో ఏకాదశి ఉపవాసమో రంజాన్ రోజాయో ఉంటే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ మొదలైతే ఉపవాసం సంగతి పక్కనపెట్టి వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి. పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఉపవాసం ఉండాలనుకుంటే మాత్ర మోతాదు, వేసుకునే వేళ గురించి ముందే డాక్టర్ని అడగండి.