రిపీట్ మందులు: సర్జరీలో నేను రోజూ వినే అపోహలు

ఇంగ్లండ్‌లో సర్జరీ అంటే ఆపరేషన్ కాదు, జీపీ (మన ఫ్యామిలీ డాక్టరు లాంటివారు) క్లినిక్. "ఇప్పుడు సర్జరీకి వెళ్తున్నా, తర్వాత చేస్తా" అని కొడుకు ఫోన్ పెట్టేస్తే ఊళ్లో అమ్మకి టెన్షన్ పట్టుకోవడం మన ఇళ్లలో మామూలే. అలాంటి ఒక సర్జరీలో నేను ఫార్మసిస్టుని. రోజూ పొద్దున్నే నా స్క్రీన్ మీద రిపీట్ ప్రిస్క్రిప్షన్ల రిక్వెస్టులు బారులు తీరి ఉంటాయి. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులే ఎక్కువ.

అపోహ: రిపీట్‌లో ఉంది కదా, నెలనెలా అదే వచ్చేస్తుంది.

రాదు, మీరు అడగాలి. రిపీట్ అంటే ప్రతిసారీ డాక్టరును కలవకుండా మందు అడిగి తీసుకోవచ్చని ఇచ్చిన అనుమతి. అంతే, పాలప్యాకెట్ కాదు. మీరు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) యాప్‌లో టిక్ పెట్టగానే ఆ రిక్వెస్టు సర్జరీకి వస్తుంది. ఇక్కడ ఒక మనిషి దాన్ని తెరిచి చూసి, సంతకం చేస్తే, మీరు ఎంచుకున్న ఫార్మసీకి కంప్యూటర్‌లోనే వెళ్తుంది. అక్కడ మందు తెప్పించి, లేబుల్ అంటించి, సంచిలో పెట్టాలి. మా దగ్గర మామూలుగా రెండు పనిదినాలు, అక్కడ ఇంకొన్ని రోజులు. అందుకే వారానికి సరిపడా మాత్రలు మిగిలుండగానే అడగమంటాం. ఈస్టర్, క్రిస్మస్ సెలవుల ముందైతే ఇంకా ముందుగా.

ఎప్పుడూ ఒకే మందు, ఒకే డోసు వాడేవాళ్లకి ఇంకో దారి ఉంది. ఏడాది వరకు సరిపడా ప్రిస్క్రిప్షన్లు డాక్టరు ఒకేసారి జారీ చేస్తారు, మీరు గడువు ప్రకారం నేరుగా ఫార్మసీకి వెళ్లి తెచ్చుకోవడమే. దీన్ని రిపీట్ డిస్పెన్సింగ్ అంటారు. అడిగేవాళ్లే తక్కువ.

అపోహ: రివ్యూ (మందుల సమీక్ష) పేరుతో కావాలనే మందులు ఆపుతారు.

ఈ మాట అన్నప్పుడల్లా కాస్త నొప్పిగా ఉంటుంది. మీ పేరు తెరవగానే నాకు కనిపించేది మందుల జాబితా ఒక్కటే కాదు, దాని పక్కన చివరిసారి రక్తపరీక్ష ఎప్పుడు జరిగిందో కూడా. ఉదాహరణకి షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్. కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ 45 కన్నా తగ్గితే డోసు మళ్లీ ఆలోచించాలి, 30 కన్నా తగ్గితే ఆపేయాలి. రెండేళ్లుగా పరీక్షే చేయించుకోని మనిషికి కళ్లు మూసుకుని సంతకం పెడితే అది సేవ ఎలా అవుతుంది? అయినా ఒక్కసారిగా ఆపేయం. కొద్ది రోజులకి సరిపడా ఇచ్చి, "పరీక్ష చేయించుకోండి" అని మెసేజ్ పెడతాం. ఆ మెసేజ్ చదవకుండా మళ్లీ ఆర్డర్ పెట్టేవాళ్లతోనే మా గొడవంతా.

అపోహ: మాత్ర రంగు మారింది, తప్పు మందు ఇచ్చారు.

చాలాసార్లు మారింది కంపెనీ మాత్రమే. ఇక్కడ ఎక్కువగా మందు అసలు పేరే రాస్తారు, ఫార్మసీ దగ్గర ఏ కంపెనీ డబ్బా ఉంటే అది ఇస్తారు. మిల్‌ఫార్మ్ అని ఉన్న డబ్బా వస్తే నాకు ముచ్చటేస్తుంది. అది మన హైదరాబాద్ అరబిందో వాళ్లదే! కానీ ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమాజెపిన్ లాంటివి మాత్రం ఎప్పుడూ ఒకే కంపెనీవి వాడాలి. అవి మారితే వెంటనే అడగండి.

అపోహ: ఎలాగూ రిపీటే కదా, అన్నిటికీ టిక్ పెట్టేస్తే పోలా.

ఒకసారి ఒకాయన క్యారీబ్యాగ్ నిండా తెరవని డబ్బాలు తెచ్చి "ఎవరికైనా ఇవ్వండి" అన్నారు. సీలు విప్పకపోయినా వెనక్కి వచ్చిన మందు ఇంకొకరికి ఇవ్వకూడదు, పారేయాల్సిందే. అవసరమైన వాటికే టిక్ పెట్టండి. పెట్టనంత మాత్రాన జాబితాలోంచి వెంటనే తీసేయం.

అపోహ: ప్రతి మందుకీ డబ్బు కట్టాల్సిందే.

ఇంగ్లండ్‌లో 2024 మే నుంచి ఐటమ్‌కి, అంటే రాసిన ఒక్కో మందుకి, 9.90 పౌండ్లు. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లలో ఉచితం. ఇంగ్లండ్‌లోనూ 60 ఏళ్లు నిండితే కట్టక్కర్లేదు. థైరాయిడ్‌కి లెవోథైరాక్సిన్ వాడేవాళ్లకీ, షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకీ మినహాయింపు సర్టిఫికెట్ ఉంటుంది. ఫారం సర్జరీలోనే ఇస్తాం. అది ఉంటే జలుబు మందు రాసినా ఉచితమే. బీపీ ఒక్కటే ఉంటే రాదు. వాళ్లు 114.50 పౌండ్లు ముందే కట్టి ఏడాది ప్రీపేమెంట్ సర్టిఫికెట్ తీసుకుంటే, నెలకి ఒక్క ఐటమ్ వాడినా లాభమే.

అపోహ: శనివారం మందు అయిపోతే ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

అక్కర్లేదు. ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్ 111కి ఫోన్ చేయండి, లేదా మీ మందు డబ్బా పట్టుకుని దగ్గర్లోని ఫార్మసీకి వెళ్లండి. ఫార్మసిస్టుకి సబబు అనిపిస్తే అత్యవసరంగా కొన్ని రోజులకి ఇవ్వగలరు. బలమైన నొప్పి మందులు, నిద్రమాత్రలు మాత్రం ఇలా దొరుకుతాయని ఆశపడకండి.

అపోహ: ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల మందులు మన రిపీట్‌లో కలిపేయొచ్చు.

వేరే మనిషి మందు మీ పేరు మీద రాయరు. వాళ్లని టెంపరరీ పేషెంట్లుగా నమోదు చేసి, డాక్టరుకి చూపించాలి. ఇక్కడే అసలు చిక్కు. మనవాళ్లు చెప్పేది బ్రాండ్ పేరు, అది ఇక్కడ ఎవరికీ తెలియదు. రెండు మూడు మందులు కలిపిన మాత్ర అయితే ఇక్కడ అలాగే దొరక్కపోవచ్చు, విడివిడిగా రాయాలి. ఉండే రోజులకి సరిపడా మందులూ, డాక్టరు రాసిన చీటీ వెంట తెచ్చుకుంటే హాయి.

మొన్న ఒక అమ్మగారు బిస్కెట్ డబ్బా తెరిచి చూపించారు. అన్నీ కత్తెరతో నాలుగేసి మాత్రలుగా కత్తిరించిన స్ట్రిప్పులే. ఒకదాని మీద "...ల్మా 40" అని ఉంది, ఇంకోదాని మీద తేదీ మాత్రమే. నేనూ, ఆవిడ కొడుకూ వీడియో కాల్‌లో ఊళ్లో మెడికల్ షాపాయన్ని పట్టుకుని ఒక్కొక్కటే పోల్చుకునేసరికి అరగంట పట్టింది. కత్తెర పెట్టేముందు స్ట్రిప్పు వెనకవైపు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించుకోమనండి.