పాత మిలటరీ బండికి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: మా షెడ్డులో వినే అపోహలు, అసలు సంగతులు

మా షెడ్డు గాజువాక ఆటోనగర్‌లో. లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు మా రోజువారీ తిండి. వాటి మధ్యలో అప్పుడప్పుడూ ఒక విల్లీస్ జీపో, జోంగానో, నిస్సాన్ వన్ టన్నో వచ్చి ఆగుతుంది. వేలంలో కొన్నవి కొన్ని, తాతలనాటివి కొన్ని. ఓనరు దిగగానే అనే మాట ఒకటే: "గురూ, ఆ పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ పెట్టెయ్." పెడతాను, నాకూ అది పనే. కానీ కిట్టు డబ్బా విప్పే ముందు పావుగంట మాట్లాడతాను. ఆ పావుగంటలో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు మారేదేంటో చూద్దాం. డిస్ట్రిబ్యూటర్ (మేం డెల్కో అంటాం) లోపల పాయింట్లు (కలుస్తూ విడిపోతూ ఉండే రెండు లోహపు ముక్కలు) కలిసి ఉన్నంతసేపు కాయిల్‌లోకి కరెంటు వెళ్తుంది. విడిపోగానే ఆ కరెంటు తెగి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ అవుతుంది. పాయింట్ల మొహం కాలిపోకుండా కాపాడేది కండెన్సర్. కిట్టు పెడితే పోయేది ఈ పాయింట్లు, కండెన్సర్ మాత్రమే. వాటి చోట రోటర్ కింద ఒక అయస్కాంతపు రింగు, దాన్ని కనిపెట్టే ఒక మాడ్యూల్ కూర్చుంటాయి. కాయిల్, క్యాప్ (డెల్కో మూత), రోటర్ (లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకీ కరెంటు పంచేది), వైర్లు, ప్లగ్గులు, ఎర్త్ (బండి బాడీకి కలిపిన బ్యాటరీ కొస) వీటిని కిట్టు ముట్టుకోదు.

"మిలటరీ లారీ ఏదైనా సరే, కిట్టు పడుతుంది."

ఒకాయన శక్తిమాన్ తెచ్చారు. మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో చేసిన డీజిల్ బండి అది. దానికి ప్లగ్గే లేదు, ఇంక ఇగ్నిషన్ ఎక్కడ పెట్టేది? టీ తాగించి పంపాను.

"పవర్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది."

కొత్త పాయింట్లు, మంచి కండెన్సర్, పాయింట్లు విడిపోయినప్పటి గ్యాప్ సరిగ్గా 0.020 అంగుళం (విల్లీస్ జీపు లెక్క ఇది), టైమింగ్ (స్పార్కు పడే క్షణం) కరెక్టు. ఇలా ఉన్న బండికి కిట్టు పెడితే తేడా దాదాపు తెలీదు. మరి "పెట్టించాక బండి ఎగురుతోంది" అనేవాళ్ళు అబద్ధం చెబుతున్నారా అంటే, లేదు. వాళ్ళ పాయింట్లు ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోనివి. కామ్ (పాయింట్లని తెరిచే, షాఫ్టు మీది గుబ్బలు) మీద రుద్దుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, టైమింగ్ వెనక్కి జారుతుంది. రోజుకి కాస్త చొప్పున జరుగుతుంది కాబట్టి తోలేవాడికి తెలీదు. కిట్టు పెట్టిన రోజున ఆ జారిందంతా ఒక్కసారి తిరిగొస్తుంది. దాన్నే పవర్ అనుకుంటాం.

కిట్టు ఇచ్చే అసలు లాభం నిలకడ. ఆరు సిలిండర్ల ఇంజను 3000 ఆర్పీఎమ్ మీద తిరిగితే నిమిషానికి 9000 స్పార్కులు కావాలి, అంటే సెకనుకి 150. ఆ పనిని అరుగుదల లేకుండా చెయ్యడానికి మాడ్యూల్ బాగుంటుంది. ఆదివారం బీచ్ రోడ్డు మీద ఒక రౌండు కొట్టి మళ్ళీ కవరు కప్పేసే బండికి అంత అవసరమా అన్నది మీరే తేల్చుకోవాలి.

"కిట్టు అంటే కిట్టే, వోల్టుల గొడవేముంది?"

నా దగ్గరికి కాలిపోయి వచ్చే మాడ్యూళ్ళలో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట వల్లే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద బాంబులు వేశాయి కదా, ఆ కాలపు అమెరికన్ జీపులు, జీఎంసీ లారీలు 6 వోల్టులవి. యుద్ధం తర్వాత వచ్చిన ఎమ్38 జీపు లాంటివి 24 వోల్టులు. తర్వాత చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరు వైరింగ్ మార్చి ఉంటారు. అందుకని బండి పేరు చూసి కిట్టు కొనకండి. మీటరు పెట్టి బ్యాటరీ దగ్గరా, కాయిల్ దగ్గరా చూసి కొనండి.

24 వోల్టుల బండిలో జరిగే తప్పు ఒకటి చెబుతాను. రెండు బ్యాటరీలు వరసగా ఉంటాయి కాబట్టి, మధ్యలోంచి ఒకదాని 12 వోల్టులు లాగి కిట్టుకిస్తారు. బండి స్టార్టవుతుంది, అందరూ సంతోషం. కొన్నాళ్ళకి ఆ వాడుతున్న బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో, రెండోది ఓవర్‌ఛార్జి అయి ఉడికిపోతూ రెండూ పోతాయి. 24 వోల్టుల మాడ్యూల్, దానికి తగ్గ కాయిల్ పెట్టాలి. లేదంటే 24 నుంచి 12కి దించే మంచి కన్వర్టర్ పెట్టాలి.

6 వోల్టుల బండికి సమస్య వేరు. అదే పనికి రెట్టింపు కరెంటు కావాలి కాబట్టి కంపెనీ బొటనవేలంత లావు కేబుళ్ళు ఇచ్చింది. మనవాళ్ళు వాటిని తీసేసి కారు కేబుళ్ళు వేస్తారు. సెల్ఫ్ కొట్టగానే వోల్టేజీ పడిపోతుంది. పాయింట్లయితే అరకొర వోల్టులకి కూడా ఎంతో కొంత స్పార్కిస్తాయి, మాడ్యూల్ మాత్రం తనకి కావలసినంత అందకపోతే మౌనవ్రతం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కాయిల్ దగ్గర ఎన్ని వోల్టులున్నాయో చూడనిదే నేను కిట్టు డబ్బా విప్పను.

ఇక ఎర్త్. విల్లీస్‌కి నెగెటివ్ ఎర్త్, అంటే బాడీకి కలిసేది బ్యాటరీ నెగెటివ్ కొస. బ్రిటిష్ బండ్లు చాలావాటికి పాజిటివ్ ఎర్త్. పాయింట్లకి ఏ దిక్కయినా ఒకటే, మాడ్యూల్‌కి తిరగేస్తే ఒక్క క్షణం చాలు. నా మొదటి కిట్టు అలాగే పోయింది. పాజిటివ్ ఎర్త్ ఉన్న ఒక పాత బెడ్‌ఫోర్డుకి అలవాటు చొప్పున నెగెటివ్ ఎర్త్ బండిలాగే తీగలు కలిపేశాను. చిన్న వాసన, అంతే. ఆ నెల లాభం ఆ వాసనతోనే పోయింది.

కాయిల్ లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. 3 ఓమ్‌ల కాయిల్‌కి 12 వోల్టులిస్తే 4 ఆంపియర్లు. "పెద్ద స్పార్కు" కోసం 1.5 ఓమ్‌ల కాయిల్ పెడితే 8. మామూలు మాడ్యూల్ ఆ భారం మొయ్యలేదు. ఇంజను ఆపి తాళం ఆన్‌లో వదిలేసినా కాయిల్‌తో పాటు మాడ్యూల్ కూడా వేడెక్కి పోవచ్చు.

"ఘాట్‌లో ఆగిపోయిందంటే ఇగ్నిషనే."

ఓ జోంగా అనంతగిరి ఘాట్ ఎక్కుతూ ఎండాకాలంలో ప్రతిసారీ ఆగేది. అరగంట ఆగితే మళ్ళీ స్టార్టు. ఓనరు కిట్టు కొనేసి మరీ వచ్చాడు. "ఈసారి ఆగినప్పుడు ఒక ప్లగ్గు వైరు తీసి, విడి ప్లగ్గు తగిలించి, దాన్ని ఇంజనుకి ఆనించి సెల్ఫ్ కొట్టించు అన్నయ్యా, పెట్రోలు కారే చోటికి మాత్రం దూరంగా" అన్నాను. ఫోన్ చేశాడు: నీలంగా, గట్టిగా స్పార్కు వస్తోందట. అంటే దోషం పెట్రోలుది. ఎవరో ఫ్యూయల్ పైపుని సైలెన్సర్ మ్యానిఫోల్డుకి ఆనించి నడిపారు, వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరవుతోంది. పైపు పక్కకి జరిపాం, అరకు వెళ్ళొచ్చాడు. వేడి మీద స్పార్కు లేకపోతే అప్పుడు కాయిల్‌నో కండెన్సర్‌నో అనుమానించాలి.

"సముద్రపు గాలికి పాయింట్లు తుప్పుపడతాయి, ఎలక్ట్రానిక్‌కి ఆ బాధ లేదు."

మొదటి సగం నిజం. వానాకాలం రెండు నెలలు కదలకుండా ఉన్న బండికి పాయింట్ల మొహం మీద పొర కట్టి స్పార్కు రాదు. కానీ తేమ ఎక్కువగా ఏడిపించేది క్యాప్ లోపల. సన్నటి నల్లగీత ఒకటి పడి, కరెంటు ప్లగ్గుకి వెళ్ళకుండా ఆ గీత వెంట పారుతుంది. కిట్టు దాన్నేం చెయ్యలేదు. భీమిలి వైపు నుంచి వచ్చే బండ్లలో టెర్మినళ్ళ మీద పచ్చటి చిలుము చూస్తుంటాను, అదీ అంతే.

పైగా కిట్టుకి ఎర్త్ అందేది డెల్కో లోపలి ప్లేటు ద్వారా. ఈమధ్య అందరూ ఇంజనుకి ముచ్చటగా మిలటరీ గ్రీన్ పెయింటు దట్టంగా కొట్టిస్తున్నారు, డెల్కో కూర్చునే చోటుతో సహా. పెయింటు మీద ఎర్త్ రాదు. ప్లేటు నుంచి విడిగా ఒక తీగ ఎర్త్‌కి లాగితే సగం ఫిర్యాదులు రావు. మామూలు రాగి ప్లగ్గు వైర్లు కూడా మార్చాలి, రెసిస్టెన్స్ ఉన్నవి వెయ్యాలి. యుద్ధకాలపు జీపుల్లో రేడియోలో గరగర రాకుండా ప్లగ్గు వైర్లకి సప్రెసర్లు పెట్టేవారు. ఆ గరగరే ఇవాళ మాడ్యూల్‌ని కూడా తికమక పెడుతుంది.

"బిగిస్తే చాలు, ఇక టైమింగ్ చూడక్కర్లేదు."

చూడాలి. పాయింట్లు విడిపోయే క్షణమూ, మాడ్యూల్ కరెంటు తెంచే క్షణమూ ఒకటి కావు, కాబట్టి బిగించాక టైమింగ్ లైటు పెట్టి మళ్ళీ సెట్ చెయ్యాల్సిందే. డెల్కో షాఫ్టు చేత్తో ఊపితే ఊగుతుంటే ముందు బుష్ మార్పించండి. అడ్వాన్సు బరువులు (వేగం పెరిగేకొద్దీ స్పార్కుని ముందుకి జరిపేవి) జామ్ అయ్యాయేమో చూడండి. రోటర్ కింద రెండు చుక్కల ఆయిల్ వెయ్యడం కిట్టు వచ్చాక కూడా మానకూడదు.

"మార్పిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్ పోతుంది."

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలో 50 ఏళ్ళు దాటిన బండి అసలు రూపంలో ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదని ఉంది. డెల్కో మూత కింద దాక్కునే, ఎప్పుడైనా వెనక్కి మార్చుకోగల భాగం ఆ లెక్కలోకి రాదని నా అభిప్రాయం. అయినా ఆర్టీఏ ఆఫీసులో ఒక మాట అడిగి చేయిస్తే నిద్ర పడుతుంది. బండి ప్రదర్శనల్లో పోటీకి పెట్టేవాళ్ళయితే పాయింట్లే ఉంచుకోండి.

"ఎలక్ట్రానిక్ పోతే దారిలో దిక్కులేదు. పాయింట్లయితే గరుకు కాగితంతో రుద్ది ఇంటికి రావచ్చు."

దీన్ని అపోహ అనలేను. సైన్యం అన్నేళ్ళు పాయింట్లని నమ్ముకోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మాడ్యూల్ పోయేముందు చాలాసార్లు హెచ్చరించదు, పోయాక దారిలో బాగుచెయ్యలేం. అందుకని తీసిన పాయింట్ల ప్లేటుని గ్యాప్ సెట్ చేసి, కండెన్సర్‌తో పాటు నూనెగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి డ్రైవర్ సీటు కింద పెట్టిస్తాను. 12 వోల్టుల బండిలో కాయిల్ 3 ఓమ్‌లదే అయితే పాయింట్లు దానిమీదే నేరుగా పనిచేస్తాయి. ఏ తీగ ఎక్కడికో చీటీ రాసి డబ్బాలోనే వేస్తాను. ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫీలర్ గేజీ (గ్యాప్ కొలిచే సన్నటి రేకులు) మీరు వెంట ఉంచుకోండి.