పెరట్లో మాఘం

సంక్రాంతి వెళ్లి రథసప్తమి దగ్గరపడే రోజుల్లో, పొద్దున్నే పెరట్లోకి వెళ్లి చేమ ఆకుల్ని చూడండి. ఆకు కొసన ఒక నీటి బొట్టు వేలాడుతూ ఉంటుంది. మంచు బిందువే అనుకుంటాం గానీ, కాదు. మంచయితే ఆకంతా పడుతుంది. ఈ బొట్టు కొసనే ఉంటుంది, వేలితో తుడిచేసినా కాసేపటికి మళ్లీ అక్కడే ఊరుతుంది. ఆకు నీటిని ఆవిరిగా వదిలే పత్రరంధ్రాలు రాత్రిపూట చాలావరకు మూసుకుంటాయి. వేళ్లు మాత్రం తడి నేలలోంచి నీరు తీసుకుంటూనే ఉంటాయి. ఆ ఒత్తిడికి పైకెక్కిన నీరు కొసనున్న సన్నని రంధ్రాల్లోంచి బయటికొస్తుంది. బిందుస్రావం అంటారు దీన్ని. గరిక కొసల మీదా ఇదే.

అయితే ఈ నెలలో భూతద్దం పట్టుకెళ్లాల్సింది మామిడి దగ్గరికే.

దూరం నుంచి పూతంతా ఒకే రంగులో కనిపిస్తుంది. దగ్గరికెళ్లి ఒక గుత్తి వంచి చూడండి. ఒక్కో పువ్వు అర సెంటీమీటరు పైచిలుకు. రేకుల మీద పసుపు చారలుంటాయి, పువ్వు ముదిరేకొద్దీ అవి గులాబీ రంగుకు తిరుగుతాయి. కాబట్టి కొత్తగా విచ్చినదేదో, పాతదేదో రంగే చెబుతుంది. కేసరాలు ఐదున్నా పుప్పొడినిచ్చేది సాధారణంగా ఒక్కటే, మిగతావి పొట్టిగా ఉండిపోతాయి. నడుమ లేత పసుపు రంగులో గుండ్రని అండాశయం కనిపిస్తే అది ఆడ, మగ భాగాలు రెండూ ఉన్న ద్విలింగ పుష్పం, కాయ కాసేది అదే. లేదంటే మగ పువ్వు. రెండు రకాలూ ఒకే గుత్తిలో ఉంటాయి. గుత్తికి వందల నుంచి వేల దాకా పూలుంటే, కాయగా నిలిచేవి ఒకటో రెండో. చాలా గుత్తులకు అవీ ఉండవు. చెట్టు కింద రాలిన పూత చూసి బెంగపడేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మరొకటుంది. అదే చెట్టుకు ఒక కొమ్మ నిండా పూత, పక్క కొమ్మకు రాగి రంగు లేత చిగురు! మామిడి మొగ్గ ఆకుగానైనా విచ్చగలదు, పూతగానైనా విచ్చగలదు. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపులకు దిగినప్పుడు ముదురాకులు ఆ చలిని గుర్తించి కొమ్మ కొసకు సంకేతం పంపుతాయి, అక్కడి మొగ్గ పూతవుతుంది. లేతాకులకు ఆ శక్తి ఉండదు. అందుకే ఆలస్యంగా చిగురు వేసిన కొమ్మ ఆ ఏడు చాలాసార్లు పూయదు. చిగురు ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది. ఇదే రోజుల్లో రాలబోయే బాదం ఆకులను ఎర్రబరిచేదీ అదే.

ఇక ఈగలు. మామిడి పుప్పొడి మోసే పనిలో తేనెటీగలకన్నా ఈగలదే పెద్ద చెయ్యి. ఇంట్లో చేత్తో తోలేసే ఈగ కూడా అందులో ఉంటుంది. గుత్తిని మెల్లగా తడితే గోధుమ గింజ కన్నా చిన్న పురుగులు చిటపటమని ఎగురుతాయి. అవి తేనెమంచు పురుగులు. పూత రసం పీల్చి జిగురు కారుస్తాయి, కింది ఆకులు అంటుకుపోతాయి, ఆ జిగురు మీద నల్లటి బూజు పడుతుంది. మందు కొట్టక తప్పదనుకుంటే పూమొగ్గలు విచ్చకముందే కొట్టాలి. పువ్వులు విచ్చాక కొడితే ఈగలూ పోతాయి, ఆ ఏడు పిందెలూ తగ్గుతాయి.